నీళ్ల పొర

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి ముఖంలో కోపం లేదు. ల్యాబు యజమాని మేనకోడలికి అదే కొంచెం కంగారు పుట్టించింది.

రిపోర్టు నచ్చనివాళ్లు ఆ ల్యాబుకి రావడం కొత్తేమీ కాదు. బల్ల గుద్దుతారు, తమకు తెలిసిన పెద్దల పేర్లు వల్లిస్తారు, గొంతు ఎండిపోయాక మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోతారు. ఈమె అలా కాదు. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని, తాను క్యాన్సర్ రోగి ఒకాయనకి ఇంటికెళ్లి ఇంజెక్షన్ ఇచ్చే నర్సునని చెప్పుకుంది. ఆ మాటతో మేనకోడలి వెన్ను నిటారైంది. నిన్న పొద్దున ల్యాబు నుంచి వెళ్లిన రిపోర్టు ఈమె మెడకే చుట్టుకుంది.

సంగతి చిన్నదే. పెద్దాయనకి క్యాన్సర్ ఎముకల దాకా పాకింది. నొప్పి తగ్గడానికి ఆస్పత్రి ఇచ్చే మార్ఫిన్‌ని ఈ నర్సు రోజూ పొద్దునా సాయంత్రమూ ఎక్కిస్తోంది. అయినా ఆయన మూలుగు ఆగడం లేదు. మందు ఈవిడ నొక్కేసి తండ్రికి ఉత్త నీళ్లు ఎక్కిస్తోందని కొడుక్కి అనుమానం పుట్టింది. ఫిర్యాదు చేశాడు. ఆస్పత్రివాళ్లు పెద్దాయన మూత్రం సీసాలో పట్టి, సీలు వేసి ఇక్కడికి పంపారు. మార్ఫిన్ ఒంట్లోకి వెళ్లి ఉంటే అందులో దాని ఆనవాలు ఉండి తీరాలి. ల్యాబు యజమాని, అంటే మేనకోడలి సొంత మేనమామ, స్వయంగా పరీక్ష చేసి లేదని తేల్చాడు.

రేపు మధ్యాహ్నం విచారణ. ఈ రిపోర్టు ఇలాగే నిలబడితే నర్సు లైసెన్సు పోతుంది. రోగి మందు దొంగిలించిందన్న మాట ఒకసారి అంటుకున్నాక ఆ చేతికి మళ్లీ ఎవరూ సిరంజి ఇవ్వరు.

“నేను వాదించడానికి రాలేదమ్మా,” అంది నర్సు. “మందు నేను ఇచ్చాను. ఇచ్చింది ఎటు పోయిందో మీకేమన్నా తెలుస్తుందేమోనని వచ్చాను.”

మేనకోడలు ఇలాంటప్పుడు అందరికీ చెప్పే మాటే చెప్పబోయింది. పరీక్ష పద్ధతి ప్రకారం జరిగింది, మేం చేయగలిగింది ఏమీ లేదు, వగైరా. నర్సు ఆ మాటని సగంలోనే మర్యాదగా పక్కకి నెట్టి తన ధోరణిలో చెప్పుకుపోయింది. సూది వేసిన కాసేపటికి పెద్దాయన కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోతాయి. కాసేపు మగత కమ్ముతుంది, తర్వాత మళ్లీ నొప్పి. అదీగాక ఆయనకి విరేచనం కాక రోజులు గడిచిపోయాయి. దానికి మందు రాయించి తాగిస్తున్నదీ తనే.

“ఉత్త నీళ్లు ఎక్కిస్తే ఎవరికైనా అలా బిగదీసుకుపోతుందా, మీరే చెప్పండి.”

మేనకోడలికి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు పెదవుల దాకా రాకుండానే ఆగిపోయింది. మార్ఫిన్ తీసుకునేవాళ్లకి పేగులు మొరాయించడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతి. కొడుకు అనుమానాన్ని తండ్రి కడుపు ఒప్పుకోవడం లేదు. మరి రిపోర్టు?

చూస్తానని మాత్రం చెప్పి నర్సుని పంపించింది. ఏం చూస్తుందో ఆమెకే తెలియదు. మావయ్య ఊళ్లోనే ఉన్నాడు గానీ ల్యాబులో లేడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు, మధ్యాహ్నం దాకా రాడు.

మందుల కొట్టు పైన మూడు గదులు ఆ ల్యాబు. మొదటి గదిలో బల్లా కుర్చీలూ, మధ్య గదిలో పరీక్షలు, చివరి గదిలో తొట్టీ, గాజుసామానూ. మేనకోడలు మధ్య గదిలోకి వెళ్లి, స్టాండుకి వేలాడుతున్న ఫన్నెళ్ల ముందు నిలబడింది. బేరిపండు ఆకారంలో ఉండే గాజుపాత్రలు అవి. పైన బిరడా, కింద చిన్న కుళాయి. మావయ్య జీవితమంతా వాటి చుట్టూనే తిరిగింది.

పని చెప్పుకుంటే సులువు. నీళ్లలో ఎక్కడో ఆవగింజంత మందు దాగి ఉంటుంది. ఆ నీళ్లని ఫన్నెల్లో పోసి, నీళ్లతో కలవని ఈథర్ లాంటి ద్రావకాన్ని జోడించి ఊపితే, రెండూ మళ్లీ విడిపోయి పొరలు కడతాయి. మందు తనకి నచ్చిన పొరలోకి చేరుతుంది. అది ద్రావకాన్నే మెచ్చేలా చేయడంలో ఉంది పనితనమంతా. చాలా మందులు ఆమ్లం పోస్తే విద్యుదావేశం తెచ్చుకుని నీళ్లని కరుచుకుని కూర్చుంటాయి. క్షారం పోస్తే ఆ ఆవేశం పోయి, నీళ్ల మీద మోజు తీరిపోయి, ద్రావకంలోకి దూకుతాయి. నీళ్లు ఎటు మొగ్గాయో చెప్పే కొలతే పీహెచ్. దాన్ని చూపించడానికి ఒక రంగుకాగితం ముక్క చాలు.

మావయ్య ఆ కాగితం ముదురు నీలం తిరిగేదాకా క్షారం పోస్తాడు. తిరిగాక, ఇంకో చుక్క వేస్తాడు. ఆ చుక్క మీద ఇంకోటి. అందుకే ఈ రంగంలో నలుగురు చేరిన చోట ఆయన్ని ‘ఇంకోచుక్క’ అనే పిలుస్తారు. ఇంట్లో కాఫీలో పంచదారకీ అదే పద్ధతి. అత్తయ్య డబ్బా దాచేస్తే పక్కింటికి వెళ్లి మరీ కలుపుకుని వస్తాడు. ల్యాబులో ఆ అలవాటుకి ఎవరూ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. వాళ్లకి వచ్చే మందుల్లో దాదాపు అన్నిటికీ క్షారం ఎక్కువైనకొద్దీ మంచిదే.

మార్ఫిన్‌కి తప్ప.

ఆ సంగతి మేనకోడలికి అప్పుడు తట్టింది. తట్టగానే చెంప ఛెళ్లుమన్నట్టయింది. మార్ఫిన్‌కి రెండు కొసలు. ఆమ్లంలో ఒక కొస ఆవేశం తెచ్చుకుని నీళ్లలో ఉండిపోతుంది. క్షారం ముదిరితే రెండో కొస ఆవేశం తెచ్చుకుని మళ్లీ నీళ్లలోనే ఉండిపోతుంది. మధ్యలో ఒక ఇరుకు చోటు ఉంది. పీహెచ్ తొమ్మిది దగ్గర. అక్కడ మాత్రమే అది మెత్తబడుతుంది. అచ్చం అలిగిన అల్లుడే. పలకరించకపోతే అరుగు దిగడు, మరీ బతిమాలితే బిగుసుకుపోతాడు, సరిగ్గా కావలసినంతే అడిగితే లేచి వస్తాడు. వచ్చినా ఈథర్ గడప తొక్కడు. అది దానికి గిట్టదు. క్లోరోఫాంలో కాస్త ఆల్కహాల్ కలిపి పెడితేనే అడుగు లోపల పెడుతుంది.

పైగా మూత్రంలో మార్ఫిన్ చాలావరకు మరో పదార్థంతో అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి ముందు ఆమ్లం పోసి మరిగిస్తారు. అంత ఆమ్లాన్ని విరవాలంటే అంత క్షారమూ పోయాలి. మావయ్య చెయ్యి పోసి ఉంటుంది. కాగితం నీలం తిరిగాక ఊరుకుని ఉండదు.

ఉంటుంది, ఉండదు అంటే విచారణలో నిలబడదు. మేనకోడలు బీరువా తెరిచి, పోల్చి చూసుకోవడానికి ఉంచుకున్న అసలు మార్ఫిన్ ద్రావణం తీసింది. రెండు ఫన్నెళ్లలో నీళ్లు పోసి రెండింట్లోనూ అది సమానంగా వేసింది. ఒకదానికి మావయ్య పద్ధతి: ముదురు నీలం, ఇంకో చుక్క, ఈథర్. రెండోదానికి సోడా పొడి చిటికెడు చిటికెడుగా, కాగితం ఆకుపచ్చలోంచి నీలంలోకి తిరగబోయే చోట ఆపి, క్లోరోఫాం మిశ్రమం. ఊపి, విడదీసి, ద్రావకాలు ఆవిరి చేసి, మిగిలినదాన్ని తెల్లపూత పూసిన గాజుపలక మీద పక్కపక్కనే చుక్కలుగా పెట్టింది. పలకని ద్రవంలో నిలబెట్టింది; ద్రవం పైకెక్కుతూ ఒక్కో మందునీ దానికంటూ ఉన్న ఎత్తు దాకా మోసుకెళ్తుంది. ఎండాక రంగుమందు చల్లింది.

రెండో వరసలో నీలిమచ్చ చక్కగా తేలింది. మొదటి వరస కడిగిన పళ్లెంలా ఉంది.

ఆమెకి సంతోషం కలగలేదు. రేపు విచారణ గదిలో నోరు విప్పి చెప్పాల్సింది మావయ్య చెయ్యి తప్పు చేసిందని. తండ్రి పోయాక తనని చదివించి, ఈ బల్ల దగ్గర నిలబెట్టి, ఫన్నెల్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన చెయ్యి అది.

మావయ్య మధ్యాహ్నం వచ్చాడు. కుడి బుగ్గ వాచి, పంటి సందున దూది బిగించుకుని, లోకం మీద విసుగుతో. మాట్లాడొద్దని పళ్ల డాక్టరు చెప్పాడని సైగ చేశాడు. మేనకోడలు పలక ఆయన చేతికిచ్చి, రెండు ఫన్నెళ్లూ చూపించింది. ఒక్కోదాని పక్కన వాడిన సీసాలు అలాగే ఉంచింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పలక చూశాడు. క్షారం సీసా చూశాడు. నీలం తిరిగిన కాగితం ముక్కని గోటితో ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. ఆయనకి ఎవరూ విప్పి చెప్పాల్సిన పనిలేదు. ఆ కొసల సంగతి ఆయనకీ తెలుసు. తల మరిచిపోలేదు, చెయ్యి మరిచిపోయింది.

దూది వెనకనుంచి ఒక్క మాట అన్నాడు.

“నీళ్లు?”

పంపిన మూత్రం అంతా పరీక్షకే ఖర్చయిపోయింది. ఇక మిగిలి ఉంటే గింటే, ఈథర్ తీసేశాక ఫన్నెల్లో కింద ఉండిపోయిన నీళ్ల పొరలోనే మార్ఫిన్ ఉండాలి. ఆ పొరని పారబోయకూడదన్నది ల్యాబులో మావయ్య పెట్టిన నియమమే, కాకపోతే రిపోర్టు వెళ్లేదాకా. రిపోర్టు నిన్ననే వెళ్లిపోయింది. వెళ్లిన కేసుల సీసాలు తొట్టి దగ్గరికి చేరతాయి.

ఇద్దరూ చివరి గదికి నడిచారు. మావయ్య బుగ్గ పట్టుకునే నడిచాడు.

గాజుసామాను కడిగే పిన్నిగారు ముక్కాలిపీట మీద కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తోంది. తొట్టి నిండా, తొట్టి పక్కనా, కింద నేల మీదా సీసాలే సీసాలు. ఆవిడ లేవలేదు. చేతి తొడుగులు చిరిగిపోయాయని ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నాననీ, కొత్తవి తెచ్చేదాకా ఒక్క సీసా ముట్టేది లేదనీ నిన్ననే చెప్పాననీ, తనని కదిలించడం ఎవరి తరమూ కాదనీ చెప్పింది. ఏ యాసిడ్ ఎందులో ఉందో ఆ దేవుడికే తెలియాలంది. తన చేతులు తనకి కావాలంది.

“నిన్నట్నుంచీ ఏమీ కడగలేదా, పిన్నిగారూ?” అని మేనకోడలు అడిగింది.

“కడగలేదు. ఏం చేస్తారో చేసుకోండి.”

మావయ్య ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాడు. వెటకారమనుకుని పిన్నిగారు మూతి ముడుచుకుంది. మేనకోడలు అప్పటికే నేల మీద కూర్చుని చీటీలు చదువుతోంది. మూడో వరసలో, బిరడా బిగించి ఉన్న గోధుమరంగు సీసా దొరికింది. చీటీ మీద కేసు నంబరు, మావయ్య సంతకం. సగానికి పైగా ఉంది.

ఉంది గానీ ధీమాగా ఉండటానికి లేదు. క్షారంలో నిలవ ఉన్నకొద్దీ మార్ఫిన్ గాలికి కొంచెం కొంచెంగా పాడవుతుంది. మొదట ఉన్నదే తక్కువ. ఒకటే సీసా, ఒకటే ప్రయత్నం. ఇందులోనూ ఏమీ తేలకపోతే నర్సుని కాపాడేది పెద్దాయన పేగులు మాత్రమే, వాటి సాక్ష్యం ఎవరూ రాసుకోరు.

మేనకోడలు కోటు గుండీలు పెట్టుకోబోతే మావయ్య ఆపాడు. రిపోర్టు మీద సంతకం తనదన్నట్టు తన గుండె మీద వేలితో తట్టుకుని, తనే కోటు తొడుక్కున్నాడు.

ఈసారి ఆమ్లం వంతు. ముదిరిన క్షారాన్ని కిందికి దించాలి. ఆయన సన్నగొట్టంతో చుక్కలు వదులుతున్నాడు, ఆమె గాజుపుల్లతో కలిపి కాగితం మీద అద్ది చూస్తోంది. ముదురు నీలం. నీలం. ఇంకా నీలమే. కాగితం కొంచెం పచ్చదనానికి తిరిగింది. ఆయన చెయ్యి ఆగకుండా మళ్లీ వంగింది. ఇక్కడ ఒక చుక్క మితిమీరితే అల్లుడు అటువైపు నుంచి అలుగుతాడు. వెనక్కి లాగొచ్చు, కానీ అటూ ఇటూ లాగినకొద్దీ నీళ్లు పెరిగి, ఉన్న కాస్త మందూ పలచబడుతుంది.

మేనకోడలు ఆయన మణికట్టు పట్టుకుంది.

“చాలు మావయ్యా.”

ఇన్నేళ్లలో ఆమె ఆయన చెయ్యి పట్టి ఆపడం ఇదే మొదలు. గొట్టం చివర చుక్క వేలాడుతోంది. ఆయన దాన్ని అలాగే వెనక్కి తీసి పక్కన గిన్నెలో వదిలేశాడు. ఆమె సోడా పొడి చిటికెడు వేసి సరిచేసింది. కాగితం కావలసిన చోట నిలబడింది.

క్లోరోఫాం మిశ్రమం పోసి ఫన్నెల్‌ని ఊపారు. ఊపారు అనడం కన్నా ఉయ్యాలలో పాపలా అటూ ఇటూ ఒరిగించారనాలి. అయినా జరగకూడనిదే జరిగింది. రెండు పొరల మధ్య పాలనురగలాంటి మూడో పొర అడ్డం పడింది. నీళ్లా కాదు, ద్రావకమా కాదు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని విడవకుండా కూర్చున్నాయి. మందు ఉంటే అందులోనూ చిక్కుకుని ఉంటుంది.

తొందరపడితే మరింత ముదురుతుంది. స్టాండుకి తగిలించి, ఇద్దరూ చెరో కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నారు. కింద మందుల కొట్టులో ఎవరో దగ్గు మందు గురించి బేరమాడుతున్నారు. అత్తయ్య ఫోన్ చేసి జావ కాచానని, మావయ్యని ఇంటికి పంపమని అడిగింది. మావయ్య ఫన్నెల్ ముందు తపస్సులో ఉన్నాడని మేనకోడలు చెప్పింది. తపస్సుకి దేవుడు ప్రత్యక్షమైతే కొత్త పన్ను అడగమని చెప్పి అత్తయ్య పెట్టేసింది.

“మార్ఫిన్‌కి రెండు కొసలని,” అన్నాడు మావయ్య, దూదిని నాలుకతో పక్కకి నెట్టుకుంటూ, “నీకు కాలేజీలో చెప్పారా?”

“మీరే చెప్పారు. కాలేజీలో చేరకముందే.”

ఆయన తలాడించి మళ్లీ ఫన్నెల్ వైపు తిరిగాడు. ఆమె చిటికెడు ఉప్పు వేసి, వేళ్లతో గాజుని మెల్లగా తిప్పింది. నురగ అంచున ఒక చుక్క విడివడి కిందికి జారింది. కాసేపటికి ఇంకొకటి. పొద్దు కిటికీ చట్రం దాటేసరికి తెల్లటి పట్టీ పలచబడి, చిల్లులు పడి, చివరికి దారమంత మిగిలింది.

మావయ్య లేచి, కుళాయి కింద పారబోత గిన్నె పెట్టాడు. ఈథర్ తేలిక, పైన తేలుతుంది. కిందికి వచ్చేది ఎప్పుడూ నీళ్లే. ఆయన చేతికి తెలిసిన లోకం అది. క్లోరోఫాం బరువు. ఇవాళ కిందున్నదే కావలసింది. మేనకోడలు ఆ గిన్నె తీసి, కడిగి ఆరబెట్టిన ఫ్లాస్కు అక్కడ పెట్టింది. ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి, కుళాయి తిప్పాడు. ద్రావకం చుక్కచుక్కగా దిగింది. పొరల గీత దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, ఆపేశాడు.

పొగలు బయటికి లాగేసే గూట్లో వేడినీళ్ల మీద క్లోరోఫాం ఎగిరిపోయాక ఫ్లాస్కు అడుగున మిగిలింది కంటికి ఆనలేదు. రెండు చుక్కల ఆల్కహాల్‌తో దాన్ని కడిగి, అందులో కొంచెం పలక మీద పెట్టారు. ఒక పక్క అసలు మార్ఫిన్, ఇంకో పక్క ఏ మందూ లేని మూత్రం ఇదే పద్ధతిలో తీసినది, నడుమ పెద్దాయనది. ద్రవం పలక మీద ఎక్కుతున్నంతసేపూ మావయ్య గడియారం వైపు కాకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

రంగుమందు చల్లింది మేనకోడలు. మొదట అసలు మార్ఫిన్ మచ్చ లేచింది. మందు లేని వరస తెల్లగానే ఉంది. నడిమి వరసలో ఏమీ లేదు, ఏమీ లేదు, తర్వాత పొగమంచులో మనిషి కనబడినట్టు సరిగ్గా అదే ఎత్తులో నీలం తేలింది. లేతగా ఉంది. ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. నర్సు బయటపడిందన్న ఊరట ఆయన ముఖంలో ఎంతోసేపు నిలవలేదు. ఇంతకుముందు ఇలాంటివి ఎన్నిటికి లేదని పంపామో అన్నాడు. మార్ఫిన్ కేసులు ఎప్పుడో గానీ రావని ఆమె అంది. ఎప్పుడో వచ్చినవాటిలోనూ మనుషులుంటారని ఆయన అన్నాడు. రేపటి పని అయ్యాక ఒక్కోటీ తవ్వి తీయాల్సిందే, సంబంధించిన వాళ్లందరికీ తానే చెప్పుకోవాల్సిందే అన్నాడు.

పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాయడానికి ఆమె కూర్చుంది. మరింత సున్నితమైన పద్ధతిలో తిరిగి పరీక్షించగా, అని మొదలుపెట్టింది. మావయ్య భుజం మీదుగా వంగి చదివాడు.

“అలా వద్దమ్మాయ్. మా పద్ధతి తప్పు అని రాయి.”

“తప్పు అంటే ఆస్పత్రి ఇక మనకి పని పంపకపోవచ్చు మావయ్యా.”

“పంపకపోతే మానె. సున్నితం అంటే ఆవిడ మీద అనుమానం కాస్త మిగిలే ఉంటుంది.”

ఆమె కొట్టేసి మళ్లీ రాసింది. ఆయన సంతకం పెట్టాడు.

మర్నాడు విచారణకి బుగ్గ ఇంకా వాచే ఉన్నందున ఆయన పక్కన కూర్చున్నాడు, మాట్లాడింది మేనకోడలు. ఆస్పత్రి పెద్ద డాక్టరు గదిలో పొడుగాటి బల్ల. ఒక పక్క నర్సు, ఎదురుగా పెద్దాయన కొడుకు. నిద్రలేక కళ్లు గుంటలుపడి, గడ్డం మాసి ఉన్నాడు. మేనకోడలు పలకని బల్ల మీద పెట్టి, తప్పు ఎక్కడ జరిగిందో, మందు ఏ పొరలో ఉండిపోయిందో వివరించింది. పెద్ద డాక్టరు అక్కడక్కడా ప్రశ్నలు వేశాడు. ఇది నూటికి నూరుపాళ్లు మార్ఫినేనా అని అడిగితే, వేరే పద్ధతిలో ఇంకోసారి చూడటానికి కాస్త మిగిల్చామని చెప్పింది. ఆయన కొత్త రిపోర్టు తీసుకుని, పాతదాని మీద రద్దు అని రాసి, నర్సు మీద ఫిర్యాదు నిలవదని అన్నాడు.

నర్సు కళ్లు మూసుకుని తెరిచింది. అంతే.

కొడుకు మాత్రం పలక వంకే చూస్తున్నాడు. అతను గొంతు పెంచలేదు.

“నిన్నట్నుంచి కొత్త నర్సు నా కళ్లముందే ఇస్తోంది. అయినా నాన్న అలాగే మూలుగుతున్నారు. ఈవిడ దొంగైతే నాకు తేలికయ్యేది. మందు ఇస్తే తగ్గుతుందిలే అనుకునేవాణ్ని. ఇప్పుడేం అనుకోమంటారు?”

పెద్ద డాక్టరు కలం మూత తిప్పుతూ ఉండిపోయాడు. జవాబు నర్సు చెప్పింది, కానీ అతనికి కాదు.

“మోతాదు చాలడం లేదు డాక్టరుగారూ. జబ్బు పెరిగింది, మందు పెరగలేదు. రిపోర్టు వచ్చిన రోజు ఈ మాట చెప్పడానికే నేను మీ దగ్గరికి వచ్చాను. ఈలోగా నన్ను ఆపేశారు.”

డాక్టరు ఫైలు తెరిపించి చూశాడు. పెద్దాయన బరువు, నొప్పి, ఇప్పటిదాకా ఇస్తున్న మందు గురించి నర్సుని అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆయన పాత మోతాదు కొట్టేసి కొత్తది రాసి, ఊపిరి ఎలా ఉందో మొదటి పూట దగ్గరే కూర్చుని చూడమని చెప్పి, కాగితం బల్ల మీదుగా నర్సు వైపు జరిపాడు.

అందరూ లేచారు. గుమ్మం దగ్గర కొడుకు నర్సుకి అడ్డంగా నిలబడిపోయాడు. సాయంత్రం వస్తారా అని మాత్రం అడిగాడు. మేనకోడలూ మావయ్యా వెనక ఆగిపోవాల్సి వచ్చింది.

నర్సు ఒప్పుకోకపోయినా ఎవరూ తప్పుపట్టరని మేనకోడలు అనుకుంది.

“వస్తాను,” అంది నర్సు. “మీరు గదిలోనే ఉండండి.”

“అక్కర్లేదండీ. మీ మీద నాకిప్పుడు...”

“నా కోసం కాదు. సూది వేసేటప్పుడు ఆయన చెయ్యి గిలగిల్లాడిస్తారు. పట్టుకోవడానికి ఒకళ్లు కావాలి.”

అతను పక్కకి తప్పుకున్నాడు. ఆమె మెట్లు దిగి, మందు తీసుకోవడానికి ఫార్మసీ వైపు నడిచింది. ఒక్క క్షణం ఆగి, అతనూ ఆమె వెనకే దిగాడు.